గీత తప్పితే గోడ తప్పుతుంది



ఈ పాఠం ఒక ఫోటోతో మొదలయింది. మా చదువు కేంద్రానికి వచ్చే ఒక అక్కకు చెల్లెలు ఉంది. ఆ చెల్లెలు కువైట్‌కు ఇంటి పనికి పోయింది. మన పక్కనుంచి, రాయచోటి, రాజంపేట పక్కనుంచి ఎంతోమంది ఆడవాళ్ళు అట్ల పోయినవాళ్ళే. ఆ చెల్లెలు ఫోనులో ఒక ఫోటో పంపింది. ఫోటోలో ఆమె నవ్వుతూ ఉంది. ఆమె వెనకాల ఒక మేడ ఉంది. మేడ కొన ఫోటోలో పట్టలేదు.

అక్క ఆ ఫోటో నాకు చూపించింది.

"టీచరమ్మా, ఈ మేడ చూడు. మా మిద్దె పదడుగులు కూడా లేదు. దానికే బీటలిచ్చింది. ఇది ఇంత ఎత్తుకు ఎట్ల నిలిచింది? గాలీ వానా వస్తే పడిపోదా? మా చెల్లెలు దాని పక్కనే పని చేస్తా ఉంది."

నేను పంతులమ్మ ట్రైనింగు చదివినదాన్ని. మేడల సంగతి నాకు తెలియదు. "చదివి చెప్తానక్కా" అన్నాను. చదివాను. చదివింది మీకూ చెబుతున్నాను.

ఆ మేడ పేరు

ఆ మేడ పేరు అల్ హమ్రా టవరు. కువైట్ దేశంలో అన్నిటికంటే ఎత్తయిన మేడ అదే. 2011లో పూర్తయింది. దాని ఎత్తు 413 మీటర్లు. అంటే 1,354 అడుగులు.

ఆ మేడను కట్టింది కూలీలు, మేస్త్రీలు. మరి దాన్ని ముందుగా కాగితం మీద గీసింది ఎవరు?

అమెరికా దేశంలో షికాగో అనే ఊరు ఉంది. అక్కడ 1936లో ఒక కంపెనీ పుట్టింది. దాని పేరు స్కిడ్‌మోర్, ఓవింగ్స్ అండ్ మెరిల్. ఇవి ముగ్గురు మనుషుల పేర్లు. పేరు పొడుగు కాబట్టి అందరూ ఎస్.ఓ.ఎమ్. అంటారు. ఎత్తు మేడలు గీయడంలో ఈ కంపెనీకి లోకమంతా పేరుంది.

ఈ కంపెనీ ఇటుక మోయదు. సిమెంటు కలపదు. గీస్తుంది, లెక్క వేస్తుంది. గది ఎక్కడ, మెట్లు ఎక్కడ, వెలుగు ఏ పక్కనుంచి రావాలి, ఇవన్నీ ఆలోచించి గీసే మనిషిని ఆర్కిటెక్టు అంటారు. ఎంత బరువుకు ఎంత లావు పిల్లరు కావాలి, ఎంత కమ్మీ పడుతుంది, ఇది లెక్క వేసే మనిషిని ఇంజనీరు అంటారు. ఇద్దరూ కలిసి తయారు చేసే కాగితమే ప్లాను.

ముగ్గు వేసేటప్పుడు మనం ఏం చేస్తాం? ముందు చుక్కలు పెడతాం. చుక్కల లెక్క సరిగ్గా ఉంటేనే గీత కలుస్తుంది. ఒక్క చుక్క తప్పినా ముగ్గు చెడిపోతుంది. ముగ్గుకు చుక్కలు ఎట్లనో, మేడకు ప్లాను అట్ల. ముగ్గు తప్పితే తుడిచి మళ్ళీ వేస్తాం. మేడ తప్పితే తుడవలేం.

మన పక్క ఎత్తు కట్టడాలు

ఎత్తుగా కట్టడం మనవాళ్ళకు కొత్త కాదు.

చంద్రగిరి కోట మీరు చూసి ఉంటారు. తిరుపతికి దగ్గరే. అందులో రాజమహలు ఉంది. మూడంతస్తుల మేడ. విజయనగర రాజుల కాలం నాటిది. రాయి, ఇటుక, సున్నంతో కట్టారు. దూలాలకూ వాసాలకూ కట్టె వాడలేదు. అయినా ఇప్పటికీ నిలిచి ఉంది. ఇప్పుడు అందులో మ్యూజియం ఉంది.

శ్రీకాళహస్తిలో రాజగోపురం ఉండేది. శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించాడు. ఏడంతస్తులు. 120 అడుగులకు పైనే ఎత్తు. దాని కథ చివర చెబుతాను. మరిచిపోకండి.

ఎత్తు పెరిగితే వచ్చే కష్టాలు

ఎత్తు మేడకు రెండు పెద్ద కష్టాలు.

మొదటిది బరువు. పై అంతస్తు బరువు కింది అంతస్తు మోయాలి. అన్నిటి బరువూ పునాది మోయాలి. మన పక్క పెద్దవాళ్ళు పునాదిని కడగాలు అంటారు. తలమీద నాలుగు బిందెలు పెట్టుకుంటే అన్నిటి బరువూ మెడ మీదే కదా పడుతుంది. ఇదీ అంతే.

రెండోది గాలి. బరువు కిందికి తోస్తుంది. గాలి పక్కకు తోస్తుంది. కిందనుండే గడ్డి గాలికి అంతగా కదలదు. టెంకాయ చెట్టు తల ఊగుతుంది. మేడ కూడా అంతే. ఎత్తు పెరిగేకొద్దీ గాలి దెబ్బ పెరుగుతుంది. ఎత్తు మేడ కొన నిజంగానే కొంచెం ఊగుతుంది. ఊగడం తప్పు కాదు. ఎంత ఊగవచ్చో ముందే లెక్క వేసి కట్టాలి.

ఢాకా నుంచి పోయిన ఇంజనీరు

ఈ గాలి కష్టానికి మంచి దారి చూపిన మనిషి తెల్లవాడు కాదు. మన పక్క మనిషే. పేరు ఫజ్లుర్ రహమాన్ ఖాన్. 1929లో ఢాకాలో పుట్టాడు. అప్పుడు ఢాకా మన దేశంలోనే ఉండేది. ఇప్పుడు బంగ్లాదేశ్‌కు రాజధాని. ఆయన తండ్రి లెక్కల పంతులు. ఖాన్ 1952లో స్కాలర్‌షిప్పు మీద అమెరికా పోయి చదివాడు. 1955లో ఎస్.ఓ.ఎమ్. కంపెనీలో చేరాడు.

ఆయన ఏం కనిపెట్టాడు? మీరే చేసి చూడండి.

ఒక కాగితం తీసుకోండి. నిలువుగా నిలబెట్టండి. నిలబడదు. వంగి పడిపోతుంది. అదే కాగితాన్ని గొట్టంలాగా చుట్టండి. దారం కట్టి నిలబెట్టండి. ఇప్పుడు నిలబడింది! దాని మీద చిన్న పుస్తకం పెట్టినా మోస్తుంది. కాగితం అదే. బరువు అదే. ఆకారం మారింది. బలం వచ్చింది.

ఖాన్ మేడను గొట్టంలాగా గీశాడు. బలమంతా మేడ బయటి అంచుకు తెచ్చాడు. గాలి ఏ పక్కనుంచి తోసినా చుట్టూ ఉన్న అంచు అంతా కలిసి ఆపుతుంది.

తరువాత ఇంకో ఆలోచన చేశాడు. ఒక్క గొట్టం కాదు, తొమ్మిది గొట్టాలు పక్కపక్కన చేర్చి కట్టాడు. దీని అర్థం మనకు చెప్పనక్కరలేదు. ఒక్క కట్టె విరుస్తాం. కట్టెల మోపు విరవగలమా? అట్ల కట్టిందే షికాగోలోని సియర్స్ టవరు. 1974లో పూర్తయింది. ఎత్తు 442 మీటర్లు. 1998 దాకా లోకంలో ఎత్తయిన మేడ అదే. ఇప్పుడు దాని పేరు విల్లిస్ టవరు. తొమ్మిది గొట్టాలూ కొన దాకా పోవు. కొన్ని 50వ అంతస్తులో ఆగుతాయి. కొన్ని 66వ అంతస్తులో, కొన్ని 90వ అంతస్తులో ఆగుతాయి. రెండు మాత్రమే పైదాకా పోతాయి. ఆ మేడను గీసిన ఆర్కిటెక్టు బ్రూస్ గ్రాహం. లెక్క వేసిన ఇంజనీరు ఖాన్.

ఖాన్ 1982లో చనిపోయాడు. ఆయన చూపిన దారిలోనే ఇప్పటికీ ఎత్తు మేడలు కడుతున్నారు.

మూడు రాళ్ళ పొయ్యి, దుబాయి మేడ

ఇప్పుడు లోకంలో అన్నిటికంటే ఎత్తయిన మేడ దుబాయిలో ఉంది. పేరు బుర్జ్ ఖలీఫా. దాన్ని గీసింది కూడా ఎస్.ఓ.ఎమ్. కంపెనీయే. ఆర్కిటెక్టు అడ్రియన్ స్మిత్. ఇంజనీరు బిల్ బేకర్. 2004లో పని మొదలయింది. 2010 జనవరి 4న మేడను తెరిచారు. ఎత్తు 828 మీటర్లు.

828 మీటర్లంటే ఎంత? తిరుమల గుడి సముద్రం కంటే సుమారు 850 మీటర్ల ఎత్తున ఉంది. బుర్జ్ ఖలీఫాను సముద్రం ఒడ్డున నిలబెడితే దాని కొన ఇంచుమించు తిరుమల గుడి ఎత్తుకు వస్తుంది. అలిపిరి నుంచి మెట్లెక్కి పోయినవాళ్ళకు ఆ ఎత్తు కాళ్ళకే తెలుసు.

ఇంత ఎత్తు ఎట్ల నిలబడింది?

పొయ్యికి మనం ఎన్ని రాళ్ళు పెడతాం? మూడు. రెండు రాళ్ళ మీద కుండ నిలవదు. మూడు రాళ్ళ మీద కదలదు. బుర్జ్ ఖలీఫా నడుమ ఒక బలమైన కాంక్రీటు గొట్టం ఉంది. దానికి మూడు పక్కలా మూడు రెక్కలు ఉన్నాయి. ఒక్కో రెక్క నడుమ గొట్టాన్ని పట్టి ఆపుతుంది. గాలి ఒక రెక్కను తోస్తే మిగిలిన రెండు రెక్కలు ఆనుగా నిలుస్తాయి.

గాలికి ఇంకో ఉపాయం కూడా చేశారు. ఉయ్యాలను ఒకే తాళంలో తోస్తే ఏమవుతుంది? పైపైకి పోతుంది. గాలి కూడా మేడను అట్ల ఒకే తాళంలో తోస్తే ప్రమాదం. అందుకని ఎత్తుకు పోయేకొద్దీ మేడ ఆకారం మారుస్తూ పోయారు. కింద ఒక రకం, నడుమ ఒక రకం, పైన ఒక రకం. గాలికి తాళం కుదరదు. ఈ సంగతి ఊరికే నమ్మలేదు. మేడకు చిన్న నమూనా చేశారు. దాని మీదికి పెద్ద గాలి తోలి పరీక్ష పెట్టారు. ఒకసారి కాదు, 40 సార్లకు పైనే.

పునాది సంగతి వినండి. అక్కడ నేల గట్టి బండ కాదు. అందుకని 192 కాంక్రీటు స్తంభాలను నేలలోకి దించారు. సుమారు 50 మీటర్ల లోతు దాకా. ఒక్కోటి మీటరున్నర లావు. చింతచెట్టు వేరు మన్నును పట్టుకున్నట్టు ఆ స్తంభాలు నేలను పట్టుకుని ఉన్నాయి. వాటి మీద మందపాటి కాంక్రీటు పలక. ఆ పలక మీద మేడ. చూసేవాళ్ళకు మేడ కనిపిస్తుంది. మేడను మోసేది కనిపించదు. ఇంటిని మోసే ఆడదాని పని కూడా అంతే కదా.

అక్కడ ఎండ మన రేణిగుంట ఎండకంటే ఎక్కువ. ఎండలో కాంక్రీటు త్వరగా గట్టిపడి బీటలిస్తుంది. అందుకని ఎండాకాలంలో రాత్రిపూట కాంక్రీటు పోశారు. కలిపే నీళ్ళలో ఐసు వేశారు.

ఆ పని చేసినవాళ్ళలో ఎక్కువమంది మన దేశం నుంచి, మన పక్క దేశాల నుంచి పోయిన కూలీలు. పని జోరుగా సాగే రోజుల్లో ఒకేసారి 12,000 మంది దాకా పనిలో ఉన్నారు. మేడ గీసినవాళ్ళ పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. మోసినవాళ్ళ పేర్లు లేవు. ఈ మాట కూడా మనం గుర్తు పెట్టుకోవాలి.

కువైట్ మేడకు గోడ ఒక పక్కే

ఇప్పుడు అక్క చూపిన ఫోటోకు వద్దాం. అల్ హమ్రా టవరును చూస్తే ఎవరో మనిషి దుప్పటి కప్పుకుని నిలబడినట్టు ఉంటుంది. అది సొగసు కోసం మాత్రమే కాదు.

ఆ ఊళ్ళో దక్షిణం పక్క నుంచి ఎండ మండుతుంది. అందుకని ఆ పక్క నిలువునా రాతి గోడ పెట్టారు. దానికి చిన్న చిన్న కిటికీలే ఉన్నాయి. సముద్రం కనిపించే పక్కల మాత్రం అద్దాలు పెట్టారు. ఆ గోడ ఎండనూ ఆపుతుంది, మేడకు బలాన్నీ ఇస్తుంది.

మన అవ్వలకు ఈ సంగతి తెలియదా? పడమటి గోడకు పెద్ద కిటికీ పెట్టవద్దనేవాళ్ళు. మధ్యాహ్నం ఎండ ఇంట్లోకి వస్తుందని. ఇంటి ముందర పంచ దించేవాళ్ళు. ఆ మేడ గీసిన ఆర్కిటెక్టు ఆలోచన, మన అవ్వ ఆలోచన ఒక్కటే. ఆయన దాన్ని కాగితం మీద గీశాడు. అంకెలు వేశాడు. మన అవ్వకు అక్షరం అందలేదు.

కాళహస్తి గోపురం చెప్పిన మాట

ఇప్పుడు గోపురం కథ.

2010 జనవరిలో దుబాయిలో బుర్జ్ ఖలీఫాను తెరిచారు. అదే సంవత్సరం మే నెలలో మన కాళహస్తి గోపురంలో బీట పెద్దదయింది. అధికారులు చుట్టుపక్కల ఉన్న జనాన్ని ఖాళీ చేయించారు. 2010 మే 26 రాత్రి గోపురం కూలిపోయింది. 1516 నుంచి 2010 దాకా నిలిచిన గోపురం రాళ్ళకుప్పగా మారింది. ఆ రోజు ఊరంతా ఏడ్చిందని మా పెద్దవాళ్ళు చెబుతారు.

ముందుగా జనాన్ని పక్కకు తప్పించారు కాబట్టి ప్రాణాలు దక్కాయి. తరువాత అదే చోట కొత్త గోపురం కట్టారు. 2017లో దానికి కుంభాభిషేకం జరిగింది.

ఈ కథ మనకు చెప్పేది ఏంది? కట్టడం చాలాసార్లు ఒక్కరోజులో పడదు. ముందు బీటతో చెబుతుంది. బీట అంటే గోడ రాసిన ఉత్తరం. చదవగలిగితే బతుకుతాం.

మన ఇంటి బీట చదవడం ఎట్ల?

గోడకు బీట కనిపిస్తే భయపడకండి. వదిలి పెట్టనూ వద్దు. ఇట్ల చేయండి.

1. పెన్సిలు తీసుకోండి. బీట రెండు కొసల దగ్గరా అడ్డంగా చిన్న గీత గీయండి.

2. గీత పక్కన ఆ రోజు తేదీ రాయండి. రోజు, నెల, సంవత్సరం.

3. బీట ఎక్కడ వెడల్పుగా ఉందో అక్కడ స్కేలుతో కొలవండి. ఆ అంకె కూడా గోడమీదే రాయండి.

4. నెల తరువాత చూడండి. వాన పడిన తరువాత చూడండి. బీట గీత దాటిందా? వెడల్పు పెరిగిందా?

పెరగకపోతే అది పూత మీది బీట కావచ్చు. పెరిగితే గోడ కదులుతా ఉన్నట్టు. రూపాయి బిళ్ళ అంచు దూరేంత బీట, తలుపు మూల నుంచి ఏటవాలుగా పోయే బీట, గోడ పొట్ట ఉబ్బడం, ఉన్నట్టుండి తలుపు పట్టకపోవడం, ఇవి మంచి గుర్తులు కావు. ఆ గోడ పక్కన పిల్లల్ని పండబెట్టకండి. ఇంజనీరును పిలిచి చూపించండి. మండలంలో గృహనిర్మాణ శాఖ ఇంజనీరు ఉంటారు. అర్జీ మీరే రాయగలరు.

మా అక్క అట్లనే చేసింది. గోడమీద తేదీ వేసింది. మూడు వారాలకు వాన పడింది. వాన వెలిసినాక చూస్తే బీట గీతను నాలుగు వేళ్ళు దాటింది. ఆ రాత్రి పిల్లలిద్దరినీ తీసుకుని పక్కింటి పంచలో పండుకుంది. తెల్లారి అర్జీ రాసింది. "నా గోడ బీట నాలుగు వేళ్ళు పెరిగింది, తేదీలు గోడమీద ఉన్నాయి" అని రాసింది. నేను ఒక్క అక్షరం కూడా దిద్దలేదు. ఇంజనీరు వచ్చాడు. గోడమీది తేదీలు చూసి, "ఎవరు రాశారమ్మా ఇవి?" అని అడిగాడు. "నేనే సార్" అంది అక్క.

గోడ మొదట్లో తొట్టి నీళ్ళు నిలబడి, పునాది కింద మన్ను కుంగిందని ఆయన చెప్పాడు. నీళ్ళకు కాలువ తీసి దూరంగా మళ్ళించారు. ఆ గోడ విప్పి, పునాది లోతుగా తవ్వి మళ్ళీ కట్టారు. ఈసారి అక్క పక్కనే నిలబడి టేపు పట్టుకుంది. పునాది ఎంత లోతో తనే చదివింది. కట్టిన గోడకు పది రోజులు నీళ్ళు పట్టింది.

మన అక్కలు ఎంతోమంది కట్టడం పనికి పోతారు. ఇసుక, కంకర మోస్తారు. ప్లాను కాగితం మేస్త్రీ చేతిలోనే ఉంటుంది. ఈసారి పనికి పోయినప్పుడు ఆ కాగితాన్ని ఒకసారి అడిగి చూడండి. అందులో ఉండేవి గీతలూ అంకెలే. అంకెలు మీకు వచ్చు. మొదట గది పొడుగు చదవండి. తరువాత వెడల్పు. మెల్లగా మిగిలినవీ వస్తాయి.

అక్క చెల్లెలికి ఫోను చేసి చెప్పింది. "ఆ మేడ పడదులే, భయపడొద్దు. దాన్ని లెక్క చూసి గీసినారు. మన గోడకూ నేను లెక్క రాసినా."

కొత్త మాటలు

ఆర్కిటెక్టు: మేడ ఎట్ల ఉండాలో ఆలోచించి గీసే మనిషి.
ప్లాను: కట్టబోయే ఇంటి గీతల కాగితం.
పునాది: నేలలో ఉండి ఇంటిని మోసేది. కడగాలు.
నమూనా: అసలుదాని మాదిరిగా చేసిన చిన్న బొమ్మ.
బీట: గోడలో వచ్చిన పగులు.

చెప్పండి

1. ఎత్తు మేడకు వచ్చే రెండు కష్టాలు ఏవి?
2. ఫజ్లుర్ ఖాన్ ఆలోచనను కట్టెల మోపుతో ఎందుకు పోల్చాం?
3. అల్ హమ్రా మేడకు ఏ పక్క రాతి గోడ ఉంది? ఎందుకు?

లెక్క చేయండి

1. కాళహస్తి పాత గోపురం 1516లో కట్టారు. 2010లో కూలింది. ఎన్ని ఏళ్ళు నిలిచింది?
2. బుర్జ్ ఖలీఫా 828 మీటర్లు. అల్ హమ్రా 413 మీటర్లు. తేడా ఎంత?

చేయండి

ఈ రోజు మీ ఇంటి గోడలన్నీ ఒకసారి చూడండి. బీట ఉంటే గీత గీయండి. తేదీ రాయండి. వచ్చే నెల కేంద్రానికి వచ్చినప్పుడు ఏమయిందో అందరికీ చదివి చెప్పండి.